ఈగల మీద పీహెచ్‌డీ చేస్తే భవిష్యత్తు ఉంటుందా?

ప్రశ్న: మా అమ్మాయి బయోటెక్నాలజీలో పీజీ చేస్తోంది. పండ్ల ఈగల్లో జన్యువుల ట్రాన్స్‌క్రిప్షన్‌ను (జన్యువులోని సమాచారాన్ని ఆర్‌ఎన్‌ఏగా నకలు తీయడం) కోఫ్యాక్టర్ ప్రొటీన్లు ఎలా నియంత్రిస్తాయన్న దానిపై పీహెచ్‌డీ చేస్తానంటోంది. ఈగలతో ఏం వస్తుంది? ఏఐ, బయోఇన్ఫర్మాటిక్స్ కోర్సు చేయించడం మేలు కదా?
- ఒక తండ్రి

జవాబు: ఇన్నేళ్లు చదివి చివరికి ఖాళీగా కూర్చుంటుందేమోనని మీ భయం. పని బాగా నేర్చుకుంటే ఆ పరిస్థితి రాదు, ధైర్యంగా ఉండండి. కానీ తను అదే ఎందుకు చదవాలనుకుంటోందో ఒక్కసారైనా అడిగారా? అడక్కుండానే ‘ఈగలు’ అని తీసిపారేయడం తప్పండీ.

ఈగలో ‘సప్రెసర్ ఆఫ్ హెయిర్‌లెస్’ అనే ప్రొటీన్ డీఎన్‌ఏ మీద కొన్ని చోట్ల అతుక్కుంటుంది. దానికి హెయిర్‌లెస్ అనే మరో ప్రొటీన్ తోడైతే గ్రౌచో, సీటీబీపీ అనే కోరెప్రెసర్లు (అణచివేతకు తోడ్పడే ప్రొటీన్లు) చేరి జన్యువును అణచిపెడతాయి. కణం పైపొరలోని నాచ్ అనే ప్రొటీన్‌కు పక్క కణం నుంచి సంకేతం అందిందా, హెయిర్‌లెస్‌కు బదులు నాచ్ నుంచి తెగిన ముక్క, మాస్టర్‌మైండ్ అనే ప్రొటీన్ వచ్చి చేరతాయి. వాటి వెంట వచ్చే సీబీపీ అనే ప్రొటీన్ హిస్టోన్లకు (డీఎన్‌ఏ తన చుట్టూ చుట్టుకునే ప్రొటీన్లకు) ఎసిటైల్ గ్రూపులనే చిన్న రసాయన గుర్తులు తగిలిస్తుంది, జన్యువు పనిలోకి దిగుతుంది. అతుక్కున్న ప్రొటీన్ అదే, చోటూ అదే. తోడు మారేసరికి ఫలితం తలకిందులైంది! ఈ తోడు ప్రొటీన్లే కోఫ్యాక్టర్లు. నాచ్ జన్యువు ఒక కాపీ పోయిన ఆడ ఈగకు రెక్కల అంచున గండ్లు పడతాయి. మనిషిలో సీబీపీ జన్యువు ఒక కాపీ చెడితే ఎదుగుదలను, మేధను దెబ్బతీసే రూబిన్‌స్టీన్-టేబీ సిండ్రోమ్ వస్తుంది. మీ అమ్మాయి తలకెత్తుకున్నది ఇంత పెద్ద ప్రశ్న. పిండం ఎదుగుదలపై 1995లో, జీవ గడియారంపై 2017లో నోబెల్ తెచ్చినవీ ఈ ఈగల మీది పరిశోధనలే.

ఇక మీరు చెప్పిన కోర్సు. ఆ రంగం మంచిదే, నా అనుమానమంతా ఆరు నెలల సర్టిఫికెట్ల మీద. వాటిలో శుభ్రం చేసిన డేటా ఇచ్చి సాఫ్ట్‌వేర్ నడపడం నేర్పుతారు. ఒక ప్రొటీన్ డీఎన్‌ఏ మీద ఎక్కడ అతుక్కుందో దాన్ని పట్టుకునే యాంటీబాడీతో కనిపెడతారు, ఆ చోట్లు గ్రాఫ్‌లో శిఖరాలుగా కనిపిస్తాయి. యాంటీబాడీ వేరే ప్రొటీన్‌కు అతుక్కుంటే దొంగ శిఖరాలు వస్తాయి. వాటిని అనుమానించడం ప్రయోగం చేసిన చేతికి తెలుస్తుంది. పైగా జన్యువుల డేటా విశ్లేషించకుండా ఈ పీహెచ్‌డీ పూర్తికాదు, కాబట్టి కోడింగ్ ఎలాగూ వస్తుంది.

అయితే ప్రొఫెసర్ పోస్టులు తక్కువ, పీహెచ్‌డీ నిదానంగా సాగే పని. అందుకే టాపిక్ కన్నా గైడ్ ముఖ్యం. అక్కడ చదివినవాళ్లు ఎన్నేళ్లలో ముగించారో, ఇప్పుడు ఏం చేస్తున్నారో అమ్మాయినే కనుక్కోమనండి. చేరే ముందు కొన్ని నెలలు ఆ ల్యాబ్‌లో పనిచేయనివ్వండి. క్రాస్‌ల (ఎంచిన ఈగలను జతకట్టించడం) కోసం, 25 డిగ్రీల్లో పెంచే ఆడ ఈగలను ప్యూపా (గూటి దశ) నుంచి బయటికొచ్చిన 8 గంటల్లోపే, అవి జతకట్టకముందే వేరు చేయాలి, సెలవు రోజైనా సరే. ఆ పని చేశాక కూడా ఇదే కావాలంటే అడ్డుపడకండి.