చిన్న హోమ్‌స్టే సైటుకి ట్రాఫిక్ లెక్క: మా అరకు అనుభవం

పది ఇళ్ల హోమ్‌స్టేలు, ఇద్దరు గైడ్లు, తేనె అమ్మే ఒక సంఘం కలిసి సైటు పెట్టుకుని, ఎంతమంది వస్తున్నారో చూసుకోడానికి డబ్బు కట్టి టూల్ కొనాలా అని అడిగారు కదండీ. కొనకండి. అరకు, పాడేరు వైపు మేమూ ఇలాంటిదే నడుపుతున్నాం. గూగుల్ అనలిటిక్స్ (సైటుకి వచ్చినవాళ్లు ఏం చేశారో చూపేది), సెర్చ్ కన్సోల్ (గూగుల్‌లో ఏం వెతికితే మన సైటు కనబడిందో చూపేది) రెండూ ఉచితమే, మీ అవసరానికి చాలు. చిక్కంతా వాటిలో ఏది చూడాలన్న దగ్గరే.

మొదట్లో నేను విజిటర్ల అంకె చూసి తెగ మురిసిపోయాను. తీరా చూస్తే అందులో చాలావరకు మేమే! ప్రతి ఇంటివాళ్లూ తమ పేజీ పొద్దున ఓసారి, సాయంత్రం ఓసారి తెరిచి చుట్టాలకి చూపించుకుంటారు. మిగిలినదాంట్లో అమెరికాలోని ఆష్‌బర్న్ నుంచి బోలెడు. అక్కడ మన తెలుగువాళ్లు బాగానే ఉన్నారు కాబట్టి, ఎన్నారైలు సంక్రాంతికి అరకు రాబోతున్నారని మీటింగులో చెప్పేశాను కూడా. అది డేటా సెంటర్ల ఊరని, వచ్చినవి మనుషులు కాదు, తమంతట తామే సైట్లు తెరిచే ప్రోగ్రాములని (బాట్లు) తర్వాత తెలిసింది. ఆఫీసు వైఫై ఐపీని (నెట్‌లో దాని అడ్రసుని) అనలిటిక్స్‌లో ఇంటర్నల్ ట్రాఫిక్, అంటే సొంతవాళ్ల రాకపోకల కింద లెక్కలోంచి తీసెయ్యొచ్చు (ఆ ఫిల్టర్ మొదట టెస్టింగ్‌లోనే ఉంటుంది, యాక్టివ్ చేస్తేనే పనిచేస్తుంది). కానీ మొబైల్ డేటాలో ఐపీ మారిపోతూ ఉంటుంది, ఊళ్లోవాళ్ల ఫోన్లని అలా ఆపలేం. చివరికి ఆ పెద్ద అంకె చూడటమే మానేశాను.

ఇప్పుడు చూసేదల్లా ఏ ఇంటి పేజీలో వాట్సాప్ బటన్, ఫోన్ బటన్ ఎన్నిసార్లు నొక్కారన్నదే. మన దగ్గరికి వచ్చేవాళ్లు సైట్లో కార్డు పెట్టి గది తీసుకోరు. "కారు ఇంటిదాకా వస్తుందా, వేడినీళ్లుంటాయా, బొంగు చికెన్ చేసి పెడతారా" అని అడిగాకే బయల్దేరతారు. అనలిటిక్స్‌లో ఎన్‌హాన్స్‌డ్ మెజర్‌మెంట్ అనే సెట్టింగు ఆన్‌లో ఉంటే వాట్సాప్ లింకు నొక్కడం ఔట్‌బౌండ్ క్లిక్‌గా (బయటి సైటుకి వెళ్లే నొక్కుగా) దానంతటదే నమోదవుతుంది. ఫోన్ నంబరు నొక్కడం మాత్రం అవ్వదు, ట్యాగ్ మేనేజర్ అనే గూగుల్ టూల్‌లో మీరే పెట్టుకోవాలి. అరపూట పని.

ఇది పెట్టాకే అసలు సంగతి బయటపడింది. కొండమీది ఒక ఇంటికి అందరికన్నా ఎక్కువ నొక్కులు, అందరికన్నా తక్కువ అతిథులు. ఫొటోలు బాలేవేమో, రేటు ఎక్కువేమో అని తలలు పట్టుకున్నాం. కారణం, ఆ ఇంటి దగ్గర సిగ్నల్ లేదు. పేజీలో నంబరు తీసేసి పాడేరులో చదువుకుంటున్న వాళ్లబ్బాయి నంబరు పెట్టాం, ఆ డిసెంబరులో శని, ఆదివారాలు గది ఖాళీ లేదు.

ఇంకొకటి. రిపోర్టులో 'డైరెక్ట్' అని కనబడేదంతా అడ్రసు టైపు చేసి వచ్చినవాళ్లు కాదు. వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే లింకులు చాలావరకు అందులోనే పడతాయి. అందుకే గ్రూపుల్లో పంచే లింకుకి ఒకటి, వైజాగ్‌లో పంచే కరపత్రం మీది క్యూఆర్ కోడ్‌కి ఒకటి యూటీఎం ట్యాగులు (ఎక్కడి నుంచి వచ్చారో చెప్పేలా లింకు చివర చేర్చే పదాలు) తగిలించండి. పేర్లు అన్నీ ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లోనే రాయండి, పెద్ద అక్షరం ఒక్కటి పడినా అది వేరే లెక్కలోకి పోతుంది. మా కరపత్రాలకి పెట్టిన ఖర్చు దండగని అలాగే తేలింది.

సెర్చ్ కన్సోల్ నెలకోసారి చూస్తే చాలు. జనం వంజంగి (పాడేరు దగ్గర మేఘాలు చూడటానికి వెళ్లే కొండ) అని వెతుకుతుంటే మేం పేజీ నిండా పాడేరు అనే రాసుకున్నాం. మేఘాలు చూడటానికి వచ్చేవాడికి మండల కేంద్రం పేరుతో పనేముంది!

మన వ్యాపారం అక్టోబరు నుంచి జనవరి దాకానే కాబట్టి మే నెలని డిసెంబరుతో పోల్చి బెంగపడకండి, పోయిన డిసెంబరుతో ఈ డిసెంబరునే పోల్చాలి. అనలిటిక్స్ సెట్టింగుల్లో డేటా రిటెన్షన్ (డేటా దాచి ఉంచే గడువు) మామూలుగా 2 నెలలని ఉంటుంది, ఎక్స్‌ప్లొరేషన్స్‌లో (మనకి కావాల్సినట్టు రిపోర్టు తయారుచేసుకునే చోట) అంతకన్నా వెనక్కి వెళ్లలేరు. ఇవాళే 14 నెలలకి మార్చేయండి, పోయింది తిరిగి రాదు.

నొక్కినవాళ్లలో ఎందరు వచ్చారో ఏ టూలూ చెప్పదు. ఆదివారం రాత్రి ఒక్కో ఇంటికీ ఫోన్ చేసి నోట్‌బుక్‌లో రాసుకుంటాను. మా పిన్ని మాత్రం ఎప్పుడడిగినా "ఎవరూ రాలేదు బాబూ" అంటుంది, ఎక్కడ కమిషన్ అడుగుతానో అని. వెనక నుంచి పిల్లల గోల, ఎవరో హిందీలో ఇంకో ప్లేటు అడగడం వినబడుతూనే ఉంటాయి.