అన్నాచెల్లెళ్లం కలిసే పరిగెడతాం, మరి బీపీలు ఎందుకు వేరు?

తమ్ముడూ, నువ్వూ మీ చెల్లీ రోజూ కలిసే 5 కిలోమీటర్లు పరిగెడుతున్నా నీ పై బీపీ 128, దానిది 106 వస్తోందని, దానికి చలికి వేళ్లు పాలిపోతున్నాయని, ఇంతకీ ఎవరి రక్తనాళాలు బాగున్నట్టని అడిగావు కదా. మాది పర్లాకిమిడి, నేనూ మా చిన్నాన్న కొడుకూ ఇలాగే కలిసి పరిగెత్తినవాళ్లమే, అందుకే రాస్తున్నా.

వయసులో ఉన్న ఆడపిల్లలకి బీపీ మగపిల్లల కంటే తక్కువుండటం మామూలే. రక్తం జోరుగా పారినప్పుడు నాళం లోపలి సన్నటి పొర నైట్రిక్ ఆక్సైడ్ వదుల్తుంది, దాంతో నాళం సడలి వెడల్పవుతుంది, నైట్రిక్ ఆక్సైడ్ ఇలా నాళాన్ని సడలిస్తుందని కనిపెట్టినందుకే 1998లో ముగ్గురికి నోబెల్ ఇచ్చారు. పరుగు వల్ల ఆ పొర ఇద్దరికీ బాగుపడుతుంది, కాకపోతే ఆడవాళ్లకి ఈస్ట్రోజన్ సాయం కూడా ఉంటుంది. చేతికి పట్టీ బిగించి 5 నిమిషాలు రక్తం ఆపి, వదిలాక నాళం ఎంత విచ్చుకుందో స్కానింగ్‌లో చూసే పరీక్షలో ఆడపిల్లలకే శాతం ఎక్కువ వస్తుంది, కానీ వాళ్ల నాళం అసలే సన్నం కాబట్టి కూడా అలా వస్తుంది, అంచేత నీవి పాడైపోయాయని బెంగ పెట్టుకోకు.

నాకు భయమంతా మీ చెల్లి గురించే. నాకు 21 ఏళ్లప్పుడు కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారవుతూ, బరువు తగ్గితే టైమింగ్ వస్తుందని గ్రౌండులో ఎవరో అంటే రాత్రి అన్నం మానేశాను, పొద్దున్న గ్లాసుడు చోడి (రాగి) అంబలి తాగి రెండు పూటలా పరిగెత్తేదాన్ని. ముట్టు ఆగిపోయింది. పోనీలే పీడా పోయింది అనుకున్నాను, నిజంగా. ఓ రోజు అమ్మ బీరువా సర్దుతూ ప్యాడ్ల ప్యాకెట్టు చేత్తో పట్టుకుని, "సంకురాత్రికి తెచ్చిన ప్యాకెట్టే, ఇంకా అలగే ఉందేటే?" అంది. అప్పటికి 5 నెలలు. బరంపురంలో డాక్టరమ్మ చెప్పింది, తిండి చాలకుండా అంత పరిగెత్తితే శరీరం ఈస్ట్రోజన్ తగ్గించేస్తుంది, ఎముకలు గుల్లబారతాయి, నాళాల లోపలి పొర కూడా మునుపట్లా విచ్చుకోదు, పైకి ఎంత ఫిట్‌గా కనబడినా సరే అని. రెండు పూటలా అన్నం, పప్పు, గుడ్డు మొదలెట్టాక మూడు నెలలకి మళ్లీ వచ్చింది. ఎంత ఏడ్చానో ఆ రోజు.

నాతో పరిగెత్తిన మా చిన్నాన్న కొడుకు గొడవ వేరు, దమ్ము వస్తుందని పరుగుకి ముందు ఖైనీ పెట్టేవాడు. నికోటిన్ గుండె వేగం పెంచి నాళాల్ని బిగించేస్తుంది, నీకు ఖైనీయో గుడాకో అలవాటుంటే ముందు అది మానెయ్. బీపీ కూడా పరిగెత్తి వచ్చిన వెంటనే కాదు, 5 నిమిషాలు ఊరికే కూర్చుని, వేర్వేరు రోజుల్లో చూసుకో. మళ్లీ మళ్లీ 140/90 దాటితే డాక్టరు దగ్గరకెళ్లాల్సిందే.

చలికి నాళాలు ముడుచుకోవడం ఆడవాళ్లలో ఎక్కువే, అయితే వేళ్లు తెల్లబడి, నీలంగా మారి, తర్వాత ఎర్రబడుతుంటే చూపించండి, పనిలో పని హిమోగ్లోబిన్ కూడా చేయించండి. 106 ఉన్నా కళ్లు తిరక్కుండా తిరుగుతుంటే దిగులు లేదు. దానికి నెలనెలా సరిగ్గా వస్తోందా అన్నది మాత్రం తప్పకుండా కనుక్కో, రాకుండా మూడు నెలలు దాటితే డాక్టరుకి చూపించకుండా ఆగొద్దు. నువ్వు అడగడానికి మొహమాటమైతే మీ అమ్మ చేత అడిగించు.