తప్పిన ప్రమాదం కూడా పుస్తకంలోకి ఎక్కాలి
పని చోట భద్రత: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: అయ్యా, మా చీమకుర్తి చుట్టుపక్కల గ్రానైటు పాలిషింగ్ యూనిట్లలో పనిచేసే కొందరం కలిసి నాలుగేళ్ల కిందట ఒక భద్రతా సంఘం పెట్టుకున్నాం. ఏటా మార్చి నెలలో వార్షిక సమావేశం జరుపుతున్నాం. జెండా ఎగరేసి ప్రతిజ్ఞ చేస్తాం, పిలిచిన పెద్దలు మాట్లాడతారు, పోటీల్లో గెలిచినవారికి బహుమతులు ఇస్తాం, భోజనాలతో ముగిస్తాం. కిందటేడు సమావేశం జరిగి నెల తిరగకముందే మా యూనిట్లో ఒక కుర్రాడి కాలు స్లాబు (కోసిన గ్రానైటు పలక) కింద పడి నలిగింది. ఇక ఈ సమావేశం ఎందుకన్న మాట మాలోనే వచ్చింది. దీన్ని ఎలా జరిపితే ప్రయోజనం ఉంటుంది? (ఒక పాఠకుడు, చీమకుర్తి)

జవాబు: ముందుగా ఆ కుర్రాడు త్వరగా కోలుకుని మళ్లీ నడవాలని కోరుకుంటున్నాను. సంఘాన్ని మాత్రం ఆపవద్దు. 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ ప్రకారం 500 మంది, ప్రమాదకరమైన ప్రక్రియలు జరిగే చోట 250 మంది పనివారు ఉన్న కర్మాగారంలో భద్రతా అధికారిని నియమించాలి. ముప్పై, నలభై మందితో నడిచే మీ యూనిట్లకు అటువంటి అధికారి రాడు. కనుక ఆ బాధ్యతను మీలాంటి సంఘమే ఎత్తుకోవలసి ఉంటుంది. మీరు ఎంచుకున్న నెల కూడా మంచిదే. 1966 మార్చి 4న జాతీయ భద్రతా మండలి ఏర్పడింది, ఆ తేదీనే దేశమంతటా జాతీయ భద్రతా దినంగా, అక్కడి నుంచి వారం రోజులు భద్రతా వారోత్సవంగా జరుపుతున్నారు. ప్రతిజ్ఞలోనూ, బహుమతుల్లోనూ తప్పు లేదు. అయితే ఆ ఏడాది మీ యూనిట్లలో ఏ ప్రమాదం వెంట్రుకవాసిలో తప్పిపోయిందో చెప్పుకునే సమయం ఆ రోజంతటిలో ఎక్కడా లేదు. మీ సమావేశానికి ఉన్న లోపమల్లా అదేనని నా అభిప్రాయం.

ఒకసారి ఒంగోలులో ఇటువంటి సమావేశానికే వెళ్లాను. మధ్యాహ్నం భోజనాల వరుసలో నా ముందు నిలబడిన పెద్ద వయసు క్రేన్ ఆపరేటరు ఒకరు మాటల మధ్యలో ఒక సంగతి చెప్పారు. రెండు వారాల కిందట గ్రానైటు బ్లాకును నేల మీద నుంచి మూరెడు ఎత్తు లేపేసరికి, ఎండు కందికట్టె విరిచినట్టు ఇనుప రోపులో తీగలు ఒక్కొక్కటే తెగుతున్న చప్పుడు వినబడిందట, వెంటనే దించేశారట. ఈ మాట ఎవరికైనా చెప్పారా అని అడిగాను. ‘ఏమీ కాలేదు కదండీ, ఎవరికి చెప్పాలి?’ అన్నారు. ఆ రోజు వేదిక మీద రెండు గంటలకు పైగా ప్రసంగాలు సాగాయి. అందరూ వినవలసిన మాట మాత్రం విస్తరి చేతపట్టుకున్న చోట, నా ఒక్కడి చెవిన పడింది.

ఆయన రోపు ఎందుకు తెగబోయిందో మీవాళ్లకు బొమ్మ గీసి చెప్పవచ్చు. ఘనపు మీటరు నల్ల గ్రానైటు దాదాపు 3 టన్నులు తూగుతుంది. రెండు కాళ్ల స్లింగుతో, అంటే కొక్కెం నుంచి రెండు పాయలుగా దిగే రోపుతో, ఎత్తేటప్పుడు కాళ్లు దగ్గరగా, నిలువుగా ఉంటే ఒక్కొక్క కాలి మీద సగం బరువు పడుతుంది. కాళ్లు విడిపోయిన కొద్దీ లాగుడు పెరుగుతుంది, రెండింటి మధ్య కోణం 120 డిగ్రీలకు వచ్చేసరికి ఒక్కొక్క కాలూ మొత్తం బరువునంతా మోస్తుంది. పొడవైన రోపు దొరకలేదని పొట్టి రోపును సాగదీసి తగిలించిన రోజున, బ్లాకు నిన్నటిదే అయినా రోపు మీద పడే భారం మాత్రం నిన్నటిది కాదు. ఆ క్రేన్ ఆపరేటరు అనుభవాన్ని ఆయన నోటనే చెప్పించి, పక్కన ఈ బొమ్మ గీసి ఉంటే, ఆ పందిట్లో కూర్చున్న ప్రతి రిగ్గరూ (బరువులకు రోపు తగిలించేవాడు) మర్నాడు తన రోపును ఒకసారి చూసుకునేవాడు.

1931లోనే హెన్రిచ్ అనే అమెరికన్ భద్రతా నిపుణుడు, ఒక పెద్ద గాయం వెనుక చిన్న గాయాలు కొన్ని పదులూ, గాయం లేకుండా తప్పిపోయిన ఘటనలు కొన్ని వందలూ ఉంటాయని రాశారు. ఆయన ఇచ్చిన లెక్కను తరువాతివారు ప్రశ్నించారు గానీ, పెద్ద ప్రమాదం చాలాసార్లు ముందే మన తలుపు తట్టి వెళ్తుందన్న సంగతిని పనిచోట తిరిగినవారెవరూ కాదనరు. మీ కుర్రాడి విషయమే చూడండి. తొమ్మిది అడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు, 20 మిల్లీమీటర్ల మందం ఉన్న స్లాబు సుమారు 240 కిలోలు ఉంటుంది, అంటే పాతిక కిలోల బియ్యం బస్తాలు దాదాపు పది. స్టాండుకు రెండు వైపులా నిలబెట్టిన స్లాబులను ఒక వైపు నుంచే తీసుకుంటూ పోతే బరువు రెండో వైపుకు మొగ్గి స్టాండు ఒరుగుతుంది. ఒరుగుతున్న స్లాబును చేత్తో ఆపాలనిపించడం మనిషికి సహజం, ఆపగల మనిషి మాత్రం లేడు. ఆ స్టాండు అంతకుముందు ఎన్నడూ కదల్లేదా, ఎవరూ ‘అబ్బ, తప్పింది’ అనుకోలేదా అని మీవాళ్లను నెమ్మదిగా అడగండి. కనీసం ఒకరిద్దరికైనా గుర్తుకు వస్తుందని నా నమ్మకం.

కనుక ప్రతి యూనిట్లో టీ తాగే చోట ఒక నోటుపుస్తకాన్ని దారం కట్టి వేలాడదీయండి. తప్పిపోయిన ప్రతి ప్రమాదాన్నీ అందులో రెండు వాక్యాల్లో రాయించండి. చోటు, సమయం, ఏం జరగబోయిందన్నది చాలు, పేరు అక్కర్లేదు. రాసినవాడిని ఒక్కసారి మందలించినా ఆ పుస్తకంలో ఇక అక్షరం పడదు. ఈ సంగతిని యజమానులకూ, మేస్త్రీలకూ ముందే ఖాయంగా చెప్పి ఒప్పించండి. ఒడిశా, బీహారు, రాజస్థాన్ నుంచి వచ్చి మీ దగ్గర పనిచేసేవారు తెలుగులో రాయలేరు, చాలామంది అడగడానికీ జంకుతారు, కనుక వారి భాష వచ్చిన ఒకరు వారానికి ఒకసారి వారి దగ్గర కూర్చుని విని రాయాలి. వార్షిక సమావేశంలో మొదటి గంట, అతిథుల కంటే ముందు, ఆ పుస్తకాల్లో ఉన్నదే చదవండి. చదివిన ప్రతిదానికీ ఏం మార్చారో, మార్చనిదాన్ని ఏ తేదీలోగా మారుస్తారో యజమాని లేచి చెప్పాలి. బహుమతి ఇవ్వదలచుకుంటే, ఏడాదంతా గాయం లేని యూనిట్‌కు ఇవ్వకండి. ఆ బహుమతి కోసం గాయాలను దాచిపెట్టిన చోట్లు నేను చూశాను. ఎక్కువ సంగతులు రాసి, ఎక్కువ సరిదిద్దిన యూనిట్‌కు ఇవ్వండి.

ప్రశ్న: మా రొయ్యల గుంటల దగ్గర కిందటి నెలలో తెల్లవారుజామున ఏరియేటరు (నీటిలో గాలి కలిపే యంత్రం) సరిచేయడానికి నీళ్లలోకి దిగిన కాపలా మనిషికి కరెంటు కొట్టింది. అదృష్టం బాగుండి బతికాడు. స్టార్టరు పెట్టెలో ఎం.సి.బి. (కరెంటు మితిమీరితే దానంతటదే పడి సరఫరాను తెంచే మీట) ఉంది, అయినా పడలేదు. కారణం ఏమిటి? (ఒక పాఠకుడు, ఇందుకూరుపేట)

జవాబు: ఎం.సి.బి. ఉన్నది తీగలనూ, మోటారునూ కాపాడడానికి, మనిషిని కాపాడడానికి కాదు. మీ పెట్టెలో 32 ఆంపియర్ల ఎం.సి.బి. ఉందనుకోండి, అంతకు మించి కరెంటు ప్రవహిస్తేనే అది పడుతుంది. మనిషి గుండె లయ తప్పడానికి ఆంపియరులో పదో వంతు చాలు. ఆ కొద్దిపాటి కరెంటు ఎం.సి.బి. లెక్కలోకే రాదు. మీకు కావలసింది 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. వెళ్లిన కరెంటు అంతా తిరిగి వస్తున్నదా లేదా అని అది ఎప్పుడూ సరిచూసుకుంటూ ఉంటుంది, తేడా రాగానే కన్ను మూసి తెరిచేలోగా సరఫరాను తెంచేస్తుంది. త్రీఫేజు మోటార్లకు నాలుగు పోళ్లది (మూడు ఫేజులనూ, న్యూట్రల్‌నూ కలిపి తెంచేది) వేయించాలి. దాని మీద ఉండే టెస్ట్ బటన్‌ను నెలకొకసారి నొక్కి చూడాలి.

‘ఆర్.సి.సి.బి. పెడితే ఊరికే పడిపోతుంది, రాత్రిపూట ఏరియేటర్లు ఆగితే రొయ్య చచ్చిపోతుంది’ అని రైతులు నాతో చాలాసార్లు అన్నారు. వారి భయం నిజమైనదే. రాత్రంతా నీటిలోని ప్రాణవాయువు తగ్గుతూ వచ్చి తెల్లవారుజామున బాగా అడుగంటుతుంది, ఆ సమయంలో ఏరియేటరు ఆగితే పంట దక్కదు. అందుకే మొత్తం గుంటలన్నిటికీ ఒకటే కాకుండా, ఒక్కొక్క ఏరియేటరుకో, రెండేసిటికో విడివిడిగా వేయించుకోవాలి. అప్పుడు కరెంటు లీకవుతున్న మోటారు ఒక్కటే ఆగుతుంది, మిగిలినవి తిరుగుతుంటాయి. మాటిమాటికీ పడుతున్నదంటే ఆ మోటారు గానీ, నీటిని తాకుతున్న టేపు చుట్టిన జాయింటు గానీ పాడైందని అర్థం. దాన్ని వెతికి బాగుచేయించాలే తప్ప ఆర్.సి.సి.బి.ని తప్పించి తీగ కలపరాదు. ఉప్పునీరు మంచినీటి కంటే ఎంతో తేలికగా కరెంటును ప్రసరింపజేస్తుంది.

ప్రమాదం జరిగిన వేళను గమనించండి. ఏరియేటరు అత్యవసరమైన సమయమూ, కాపలా మనిషి నిద్రమత్తులో చీకట్లో దిగే సమయమూ ఒకటే. మెయిన్ ఆపి, ఫ్యూజు పీకి జేబులో వేసుకున్న తరువాతనే నీటిలో కాలు పెట్టాలన్న నియమం రాత్రి డ్యూటీకి మరింత గట్టిగా ఉండాలి, గట్టు మీద రెండో మనిషి ఉండాలి. ఎవరికైనా కరెంటు కొడితే పరుగెత్తవలసింది మెయిన్ దగ్గరకు. నీళ్లలోకి దూకితే ఇద్దరూ పోతారు. బయటికి తీసిన మనిషికి శ్వాస ఆడకపోతే 108కి ఫోను చేయిస్తూనే, రొమ్ము మధ్యలో రెండు అరచేతులు ఒకదానిపై ఒకటి ఆనించి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, రెండంగుళాల లోతు దిగేలా గట్టిగా నొక్కుతూ ఉండాలి. ఇది మీ గుంటల దగ్గర పనిచేసే ప్రతి ఒక్కరికీ చేసి చూపించి నేర్పవలసిన విద్య.

ప్రశ్న: పొగాకు రెలవడానికి (పచ్చాకు కోయడానికి) పోయిన రోజు సాయంత్రం నాకు తల తిరిగి వాంతులు అవుతున్నాయి. మా ఇంట్లోవాళ్లు ఎండదెబ్బ అంటున్నారు. మంచు పడిన రోజున మరీ ఎక్కువగా ఉంటోంది. (ఒక పాఠకురాలు, కొండపి)

జవాబు: అమ్మా, కారణం మీ ఉత్తరంలోనే ఉంది. ఎండదెబ్బ అయితే మంచు రోజున ఎక్కువ కాకూడదు. పచ్చాకులోని నికోటిన్ మంచునీటిలో కరిగి, తడిసిన జాకెట్టు, చీర ద్వారా చర్మంలోకి దిగుతుంది. తలనొప్పి, వికారం, వాంతులు, తల తిరగడం దీని లక్షణాలు. సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది గానీ, పురుగుమందు విషం కూడా ఇలాగే కనిపిస్తుంది. కనుక వాంతులు ఆగకపోతే ఆసుపత్రికి వెళ్లి, పొగాకు పనిలో ఉన్నామని తప్పకుండా చెప్పండి. ఆకు మీద మంచు ఆరిన తరువాతనే రెలవడం మొదలుపెట్టాలని మేస్త్రీని అడగండి, నలుగురు కలిసి అడిగితే వింటారు. పూర్తి చేతుల చొక్కా, రబ్బరు చేతొడుగులు వేసుకోండి, బట్టలు తడిస్తే వెంటనే మార్చుకోండి, ఇంటికి రాగానే సబ్బుతో ఒళ్లు కడుక్కోండి. గర్భిణులనూ, పిల్లలనూ ఈ పనికి తీసుకుపోవద్దు.

ప్రశ్న: పలకల రాయి కోసేటప్పుడు తడి తువ్వాలు ముక్కుకు కట్టుకుంటున్నాను. సరిపోతుందా? (ఒక పాఠకుడు, మార్కాపురం)

జవాబు: సరిపోదు. తువ్వాలు ఆపేది కంటికి కనిపించే దుమ్మును. ఊపిరితిత్తుల లోపలి దాకా చేరేది కంటికి కనిపించని సన్నటి సిలికా ధూళి, అది నేత సందుల్లోంచి సులువుగా దూరిపోతుంది. కోత దగ్గర రంపం మీద నీళ్లు ధారగా పడేలా ఏర్పాటు చేయడం మొదటి పని, ఎన్95 మాస్కు దాని తరువాతే. సిలికోసిస్ ఒకసారి వచ్చిందంటే నయం చేసే మందు లేదు, పైగా అది ఉన్నవారికి క్షయ సోకే అవకాశం ఎక్కువ. చట్టం దీన్ని వృత్తి వ్యాధిగా గుర్తించింది. దగ్గు వారాల తరబడి తగ్గకపోతే ఎక్స్‌రే తీయించుకోండి, తీయించుకున్న రోజున ఎన్నేళ్లుగా రాయి కోస్తున్నారో డాక్టరు చేత చీటీలో రాయించుకుని ఆ కాగితాన్ని దాచుకోండి.