మేనల్లుడికి, బోటు ఇంజన్ సంగతి

ఒరే అల్లుడూ, బోటు కొన్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సెకండ్ హ్యాండ్ అయితే ఏంది, ఇన్నాళ్ళు ఒకరి బోటెక్కి వాటా కోసం ఎదురు చూసినోడివి, ఇప్పుడు నీ బోటులో నువ్వు పోతావు, ఇక్కడ కావలిలో నాకు ఎవరు కనపడినా అదే చెప్తా ఉండా. అయితే మాటల్లో మాటగా ఇంజన్ మిస్సింగ్ కొడతా ఉందని, అంటే మధ్యమధ్యలో దెబ్బ తప్పతా ఉందని, అయినా సరే వేట నిషేధం అయిపోంగానే జూన్ 15 తెల్లారుజామునే దించేస్తానంటన్నాడని కూడా అనింది. ఇంక నాకు నిద్ర పట్టలా. అందుకే ఇంత పొడుగు మెసేజ్, సగం చదివి పక్కన పెట్టబాక.

ముందు చిన్న పనులు. ఆయిల్ గేజీ తీసి చూడు, తారులా ఉంటే మార్చెయ్. ఎయిర్ ఫిల్టర్ విప్పి ఇసకా ఉప్పూ దులుపు. ఇంజన్ బిగించిన బోల్టులన్నిటికీ ఒకసారి పానా పెట్టు, ఒక్కటి లూజైనా బోటంతా వణికిపోద్ది, నువ్వేమో లోపలేదో పోయిందనుకుంటావు. ఇంజన్ ఆపి, నీళ్ళలో తిరిగే ఫ్యాను రెక్కలు చేత్తో తడుము, వల దారం చుట్టుకున్నా, ఒక రెక్క వంగినా అదే వణుకు.

తర్వాత పొగ చూడు. లోడు పడంగానే నల్లగా వస్తే గాలి చాలడం లేదు, లేకపోతే ఇంజన్ మోయలేనంత బరువు మోస్తా ఉంది, లేదా ఇంజన్‌లోకి డీజిల్ కొట్టే నాజిల్ సరిగ్గా చిమ్మడం లేదు. నీలంగా వస్తే ఆయిల్ కాలతా ఉంది, అది బోరు రింగుల పని, నీ వల్ల కాదు, మెకానిక్ దగ్గరికి తీసకపో. తెల్లపొగ పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు కాసేపు వచ్చి పోతే పరవాలా, ఇంజన్ వేడెక్కినాక కూడా వస్తానే ఉంటే నీళ్ళన్నా కలిసుండాల, నాజిల్ అన్నా పోయుండాల. రేస్ నువ్వు ముట్టకుండానే సౌండు ఒకసారి లేచి ఒకసారి పడిపోతా ఉంటే మాత్రం నాజిల్ జోలికి పోబాక, ముందు డీజిల్ సంగతి చూడు. అక్క చెప్పినదాన్ని బట్టి నీది ఇదే అని నాకు అనుమానం.

ఎందుకు ఇంత గట్టిగా చెప్తున్నానంటే మీ నాన్న కథ నీకు సరిగ్గా తెలీదు. నువ్వప్పుడు ఒళ్ళో పిల్లోడివి. అప్పట్లో నిషేధం ఏప్రిల్ 15 నుంచి మే నెలాఖరు దాకానే, ఇప్పటిలా 61 రోజులు కాదు. బోటు ఇసకలోకి లాగి పెట్టారు, టాంకులో సగం డీజిల్ అట్టానే ఉండిపోయింది, మూత ఎప్పుడో పోతే దాని బదులు ఒక గుడ్డ కుక్కినారు. మధ్యలో రెండు జల్లులు పడినయ్యి. జల్లు లేకపోయినా సగం ఖాళీ టాంకులో పగలు వేడికీ రాత్రి చల్లదనానికీ లోపల చెమ్మ పట్టి బొట్టుబొట్టుగా అడుగుకి దిగద్ది, ఇది చానామందికి తెలీదు. దించే ముందు ఆడిస్తే ఇదే మిస్సింగ్. మెకానిక్ వచ్చి ఐదు నిమిషాలు విని నాజిల్ పోయింది, డీజిల్ పంపు కూడా చూడాలన్నాడు. బావ మారు మాట్టాడకుండా అక్క కమ్మలు తాకట్టు పెట్టి రెండూ మార్పించాడు. మార్చినాక ఒడ్డు మీద గంటసేపు ఆడించారు, ఒక్క దెబ్బ తప్పలా, అందరూ సంతోషపడ్డారు.

ఎందుకు తప్పలేదో ఇప్పుడు విను. ఒడ్డు మీద బోటు కదలదు కదా, నీళ్ళు డీజిల్ కన్నా బరువు కాబట్టి టాంకు అడుగున కూర్చుంటాయి, పైపు మూతి వాటికి కొంచెం పైన ఉంటే ఇంజన్‌కి మంచి డీజిలే అందద్ది. బోటు అలల్లో లేచి పడినప్పుడు ఆ అడుగు నీళ్ళన్నీ కలబడి పైపులోకి వస్తాయి. అంటే ఇంజన్ నీకు చాలా అవసరమైన చోటే ఆగిపోద్ది. సరిగ్గా అట్టానే జరిగింది. మొదటి అల దాటారు, రెండో అల ఎక్కతా ఉండంగా సౌండు పడిపోయింది, బావ రేస్ ఇచ్చాడు, ఇంకా పడిపోయి ఆగింది. ఇంజన్ లేకపోతే బోటు అలకి అడ్డం తిరగద్ది. మూడో అల తిరగేసింది. మనుషులు బతికి ఒడ్డుకి వచ్చారు, వలలు పోయినయ్యి, ఇంజన్ ఉప్పునీళ్ళు తాగింది, మీ నాన్న భుజం బోటు అంచు కింద నలిగింది. చలికాలం ఆయన కుడి చెయ్యి పైకెత్తలేక కూర్చునేది దానికే.

తర్వాత నేనే టాంకు అడుగు నట్టు విప్పి ఒక గాజు సీసాలో పట్టా. కాసేపు కదపకుండా పెడితే పైన పచ్చగా డీజిలు, కింద తేటగా నీళ్ళు, రెండిటి మధ్య నల్లటి జిగురు పొర. బావ సీసా చేతిలోకి తీసుకోని, ఈ నాలుగు గుక్కల నీళ్ళకా నేను కమ్మలు పెట్టింది అన్నాడు.

కాబట్టి నువ్వు చెయ్యాల్సింది ఇది. టాంకు అడుగు నుంచి సీసాలో పట్టు, గంట ఆగి చూడు. నీళ్ళుంటే మొత్తం దించేసి టాంకు కడుగు, ఫిల్టరు కొత్తది వెయ్యి, పాతది విదిలించి వాడబాక. మూతకి సన్న బెజ్జం ఉంటది, అది ఉప్పుతో మూసుకుపోతే గాలి లోపలికి పోక డీజిల్ దిగదు, అరగంట బాగా ఆడి ఆగిపోద్ది, మూత వదులు చేస్తే మళ్ళీ ఆడద్ది, దాన్ని కూడా చానామంది నాజిల్ అనుకుంటారు. తర్వాత ఎయిర్ తియ్యి, అంటే డీజిల్ పైపుల్లో చేరిన గాలి. టాంకు నింపి, ఫిల్టర్ మీద స్క్రూ వదులు చేస్తే బుడగలు బుడగలుగా కారద్ది, బుడగ లేకుండా ధారగా వచ్చేదాకా ఓపిక పట్టి అప్పుడు బిగించు. పంపు దగ్గరా అంతే. చివరికి నాజిల్ పైపు నట్టు వదులు చేసి హ్యాండిల్ తిప్పు, డీజిల్ కొట్టుకోని రావాల, అప్పుడు బిగించు. రాగి వాషర్లు పాతవి అణిగిపోయుంటే అక్కడి నుంచే గాలి పీలుస్తది, కొత్తవి వెయ్యి. నాజిల్ విప్పి చిమ్మించి చూడాలనుకుంటే అరచెయ్యి మాత్రం ముందు పెట్టబాక నాయనా, 200 బార్ ప్రెషర్‌తో వచ్చే డీజిల్ సూదిలా చర్మంలోకి దిగద్ది, పైన చిన్న చుక్క కనపడద్ది, లోపల చెయ్యే కుళ్ళిపోద్ది. అట్టా జరిగితే రేపు చూద్దాం అనుకోకుండా ఆ గంటలోనే పెద్దాసుపత్రికి పోవాల.

ఇక్కడ కావలి దగ్గర జువ్వలదిన్నెలో అయితే హార్బర్ కట్టారు, జెట్టీ పక్కన నిదానంగా ఆడించి చూసుకోవచ్చు. మన పాకల ఊళ్ళో అట్టా కాదు, బోటు దించితే అలలు దాటాల్సిందే, మధ్యలో ఆగి ఇంజన్ విప్పే వీలుండదు. అందుకే ఒడ్డు మీద బాగా ఆడిందని నమ్మబాక. బోటు దించే ముందు మనుషుల్ని పెట్టి అటూ ఇటూ బాగా ఊపించు, ఊపతా ఉండంగానే ఇంజన్ ఆడించు, అప్పుడు కూడా సౌండు పడకపోతేనే దించు. 15న అందరూ పోతన్నారు నేను వెనకబడితే ఎట్టా అంటావు, నాకు తెలుసు. నువ్వు 17న పోయినా రొయ్య నీ కోసం ఉంటది. లైఫ్ జాకెట్ సీటు కింద కాదు ఒంటి మీద ఉండాల, తెడ్లు రెండూ, లంగరు తాడు ఉండాల, ఫోన్ ప్లాస్టిక్ కవర్లో పెట్టుకో, అందులో కోస్ట్ గార్డ్ నంబరు 1554 ముందే ఎక్కించుకో. మొదటి రోజు ఇంకో బోటుతో జతగా పో, ఒంటరిగా మాత్రం వద్దు.

మోకాళ్ళ నొప్పి ఉన్నా నేను 13 సాయంత్రం రైలెక్కి సింగరాయకొండలో దిగతా, ఆటోలో వచ్చేస్తా, నువ్వు స్టేషన్‌కి రానక్కర్లా. నేను వచ్చేలోగా సీసాలో పట్టి ఫొటో వాట్సాప్ చెయ్. కొత్త ఫిల్టరు, రాగి వాషర్లు నాలుగైదు ఎక్కువే తెచ్చి పెట్టు, పానాల సెట్టు నేను తెస్తా.