బానెట్ కింద చేయి పెట్టే ముందు

చిరంజీవి మేనల్లుడికి, తిరుపతి నుండి నీ మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

మేమిక్కడ క్షేమం. నీవు కొన్న పాత కారు ఫోటోలు మీ అమ్మ పంపింది. బానెట్ ఎత్తి తీసిన ఫోటోను కళ్ళజోడు పెట్టుకొని రెండు మూడు సార్లు పరిశీలనగా చూశాను. ఆయుధపూజ నాటికి ఇంజను మీది జిడ్డంతా వదిలించాలని అనుకుంటున్నావట. అందుకు మీ చిత్తూరు ఇంటి ముందున్న బోరు పైపూ, ఒక సబ్బుపొడి ప్యాకెట్టూ చాలునని అన్నావట. ఆ పైపును చుట్టి పక్కన పెట్టి, ముందు ఈ ఉత్తరం చదువు. బస్సు డిపో గ్యారేజీలో ముప్పై ఏళ్ళు పనిచేసినవాణ్ణి, ఫోనులో చెబితే నీవు ఊఁ కొట్టి మరచిపోతావని కాగితం మీద పెడుతున్నాను.

నీళ్ళ సంగతి మొదట చెబుతాను, ఎందుకంటే ఆ తప్పు నా కళ్ళముందే జరగనిచ్చాను. కొన్నేళ్ళ క్రితం నా కారును ఒక వాటర్ సర్వీసింగ్ షెడ్డుకు ఇచ్చాను. అక్కడి కుర్రవాడు బానెట్ ఎత్తి, ప్రెషర్ గన్ను జానెడు దూరంలో పెట్టి ఇంజనంతా కడిగేశాడు. చూడటానికి కొత్త బండిలా మెరిసింది. మరునాడు ఉదయం చంద్రగిరి చేరకముందే ఇంజను వణకడం మొదలైంది. యాక్సిలరేటర్ తొక్కితే ముసలివాడు దగ్గినట్టు దగ్గి వెనక్కు తగ్గేది. రోడ్డు పక్కన ఆపి, స్పార్క్ ప్లగ్‌కు కరెంటు అందించే ఇగ్నిషన్ కాయిల్ ఒకటి ఊడదీసి టార్చి వేసి చూస్తే, స్పార్క్ ప్లగ్ కూర్చునే గుంటలో అరంగుళం నీళ్ళు, వాటి మీద సన్నటి నూనె తెట్టె కనిపించాయి. ఆ కుర్రవాడి దోషం ఎంతో, గ్యారేజీలో బతికి కూడా పక్కన నిలబడి టీ తాగిన నా దోషం అంతకన్నా ఎక్కువ.

అలా ఎందుకయిందో నీవు తెలుసుకోవాలి. వైర్లను కలిపే కప్లర్లలో చిన్న రబ్బరు రింగులు ఉంటాయి. అవి వాన జల్లునూ, గుంతలో నుండి చిమ్మిన నీళ్ళనూ ఆపడానికి పెట్టినవే తప్ప, దగ్గరనుండి సూదిలా తగిలే నీటిధారను ఆపడానికి కాదు. పైగా నీ బండి పాతది కనుక ఆ రబ్బరు ఎండి గట్టిపడి ఉంటుంది. లోపలికి చేరిన తడి అప్పుడే ఏమీ చేయకపోవచ్చు. నెలలు గడిచాక పిన్నులు పచ్చగా చిలుము పట్టి, ఏ సెన్సరో పనిచేయక డ్యాష్‌బోర్డు మీద లైటు వెలిగినప్పుడు, దానికీ ఆనాటి స్నానానికీ ఉన్న సంబంధం ఎవరికీ తట్టదు. కాబట్టి ఈ పనిని కడగడమని కాక తుడవడమని అనుకో. బ్రష్షూ, గుడ్డలూ, ఒక స్ప్రే సీసా, రెండు గంటల ఓపిక ఉంటే చాలు.

తుడవడానికి ముందు చూడవలసింది చాలా ఉంది. మీ అమ్మ పంపిన ఫోటోలో ఇంజను పైనున్న ట్యాపెట్ కవరు అంచు వెంబడి ఒకవైపు మాత్రమే నల్లటి తడి కనిపిస్తున్నది. అక్కడి గ్యాస్కెట్ (సందులోంచి ఆయిల్ కారకుండా పెట్టే పట్టీ) చెడి ఆయిల్ కారుతున్నదని నా అనుమానం. జిడ్డు తుడిచేస్తే ఆ ఆనవాలు పోతుంది కాబట్టి, అన్ని వైపులనుండీ ఫోనుతో ఫోటోలు తీసి ఉంచుకో. ఆకుపచ్చగానో గులాబీ రంగులోనో మరకలు ఎండి ఉంటే అది కూలెంట్, అంటే ఇంజనును చల్లబరిచే ద్రవం. కూలెంట్‌లో సాధారణంగా ఉండే ఇథిలిన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, విషం కూడా. మీ వీధి కుక్కలూ ఆవులూ నాకకుండా నేల మీది చుక్కలను వెంటనే ఇసుకతో అద్ది ఎత్తివేయి. పెట్రోలు వాసన వస్తే మాత్రం ఏదీ ముట్టుకోకుండా బానెట్ మూసి మెకానిక్‌ను పిలు.

ఇంజను పూర్తిగా చల్లారాలి. బండి ఆపిన తరువాత కనీసం రెండు గంటలు ఆగాలి. అంతకన్నా మంచిది, రాత్రి నిలిపిన బండిని ఉదయం ఏడింటికి నీడలో పెట్టి పని మొదలుపెట్టడం. మధ్యాహ్నపు ఎండలో చేస్తే సబ్బు తుడిచేలోగానే ఎండి మచ్చలు కడుతుంది. పొగగొట్టంలో ఉండి పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ నడిచే బండిలో 400 డిగ్రీల సెంటిగ్రేడ్ దాటి వేడెక్కుతుంది. ఇంజను నుండి పొగను బయటికి తెచ్చే మానిఫోల్డ్ వేడిగా ఉండగా చల్లటి నీళ్ళు పడితే అది పగలవచ్చు, లేచే ఆవిరి ముఖం కాల్చవచ్చు. ముఖ్యంగా తిరుమలకు వచ్చి వెళ్ళిన రోజున ఈ పని తలపెట్టకు. అలిపిరి నుండి ఎక్కే రెండవ ఘాట్ రోడ్డులో సుమారు 18 కిలోమీటర్లు ఇంజను తక్కువ గేర్లలో బరువు లాగుతుంది. 1944లో తెరిచిన మొదటి ఘాట్ మీదుగా దిగి వచ్చాక కూడా ఆ వేడి తొందరగా పోదు. రేడియేటర్ మూత వేడిమీద తెరవకూడదని నీకు తెలుసనుకుంటాను, అయినా మరోసారి చెబుతున్నాను.

బానెట్‌ను దాని ఊతకర్రతో సరిగా నిలబెట్టి, తాళంచెవి జేబులో వేసుకో. కొన్ని కార్లలో ఇంజను ఆపినా రేడియేటర్ ఫ్యాను తనంతట తాను తిరుగుతుంది, కనుక బ్యాటరీ విప్పేదాకా దాని దగ్గర చేయి పెట్టకు. ఆపైన ఉంగరం, చేతి గొలుసు, గడియారం తీసి ఇంట్లో పెట్టు. నా కుడిచేతి ఉంగరపు వేలు చుట్టూ ఉన్న తెల్లటి మచ్చ దీపావళి టపాసు వల్ల అయిందని మీ అమ్మ నీకు చిన్నప్పుడు చెప్పింది. అది టపాసు కాదు. డిపోలో చేరిన కొత్తలో బ్యాటరీ ప్లస్ బోల్టును ముందుగా విప్పబోయాను. స్పానర్ పట్టిన వేలి ఉంగరం ఒకవైపు స్పానర్‌కూ మరోవైపు బండి బాడీకీ తగిలింది. కళ్ళు మూసి తెరిచేలోగా ఉంగరం ఎర్రబడింది, తీయడానికి వీలులేకపోయింది. మైనస్ తీగ బాడీకి కలిసి ఉంటుంది కనుక, అది ఊడకముందు ప్లస్ వైపు స్పానర్ ఆడిస్తే బాడీకి ఎక్కడ తగిలినా మంట లేస్తుంది. అందుకే మైనస్ ముందు విప్పాలి, చివరన బిగించాలి. చాలా కార్లకు పది నంబరు స్పానర్ సరిపోతుంది. విప్పే ముందు స్టీరియో కోడ్ ఏదైనా అడుగుతుందేమో పాత యజమానిని కనుక్కో, తాళంచెవిని కారులో పెట్టి తలుపు మూయకు.

మన ప్రాంతంలో బానెట్ కింద నీకంటే ముందు కాపురం పెట్టేవాళ్ళు ఉంటారు. ఎలుకలు వైర్లు కొరుకుతాయి, గూళ్ళు కడతాయి. చలికాలంలో ఇంజను వెచ్చదనానికి పిల్లులూ, కొండ దగ్గరి కాలనీలలో అప్పుడప్పుడు పాములూ చేరతాయి. అందుచేత ఎత్తే ముందు బానెట్ మీద రెండు దెబ్బలు కొట్టి, ఎత్తిన తరువాత టార్చి వేసి చూసి, అప్పుడు చేయి పెట్టు. ఎలుక పెంటికలు కనిపిస్తే పొడిగా ఊడ్వకు. ముక్కుకు మాస్కూ చేతులకు తొడుగులూ వేసుకొని, బ్లీచింగ్ నీళ్ళు చిలకరించిన కాగితంతో తడిపి ఎత్తు. కొరికిన వైరు కనిపిస్తే దానికి ఇన్సులేషన్ టేపు చుట్టి మరచిపోవడం కాదు, ఎలక్ట్రీషియన్‌కు చూపించు.

ఇక తడి తగలకుండా కప్పవలసినవి: బ్యాటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటర్, ఫ్యూజ్ బాక్స్, ఈసీయూ అనే కంప్యూటర్ పెట్టె, ఇగ్నిషన్ కాయిళ్ళు, ఎయిర్ ఫిల్టర్ గాలి పీల్చే మూతి. పాల కవర్లను కత్తిరించి కడిగి ఆరబెట్టి, రబ్బరు బ్యాండ్లతో బిగిస్తే చాలు, ప్రత్యేకంగా కొనవలసింది లేదు. ఆల్టర్నేటర్ మీద నాకు పట్టింపు ఎక్కువ. దాని ఒంటికి గాలి కోసం చీలికలు ఉంటాయి. వాటిగుండా డిగ్రీజర్ (జిడ్డు వదిలించే ద్రవం) లోపలికి పోతే బేరింగులోని గ్రీజు కరిగిపోతుంది. ఆయిల్ మూత, ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్, బ్రేక్ ఆయిల్ డబ్బా మూత బిగుతుగా ఉన్నాయో లేదో చేతితో తడిమి చూడు. బ్రేక్ ఆయిల్ తడిని పీల్చుకుంటుంది, పీల్చుకుంటే ఘాట్ దిగేటప్పుడు బ్రేకులు వేడెక్కి పట్టు తప్పవచ్చు. ఒలికితే పెయింటును తినేస్తుంది.

మొదటి భాగం పొడిగానే చేయాలి. రెండు అంగుళాల పెయింటు బ్రష్షుతో దుమ్ము దులిపి, ఆకులు చేతితో ఏరు. వైపర్ల కింద ఉండే జాలీని మరవకు. మీ ఇంటి మామిడాకులు అక్కడ కుళ్ళి నీరు పోయే రంధ్రాలు మూసుకుపోతే, వానాకాలంలో ఆ నీళ్ళు కారు లోపలి కార్పెట్ కిందికి దిగుతాయి. ఆ తరువాత నీళ్ళలో కలిపే రకం డిగ్రీజర్‌ను, అది దొరకకపోతే లీటరు నీళ్ళకు ఒక చెంచా గిన్నెలు తోమే లిక్విడ్‌ను, స్ప్రే సీసాలో పోసుకో. దానిని ఇంజను మీద కాక బ్రష్షు మీదా గుడ్డ మీదా చల్లుకొని, ఒకసారికి రెండు అరచేతులంత చోటు మాత్రమే రుద్దు. మూడు నాలుగు నిమిషాలు నాననిచ్చి, ఎండకముందే తడిపి పిండిన గుడ్డతో తుడిచి, వెంటనే పొడి గుడ్డతో ఒత్తు. పైనుండి కిందికి రా. సందుల్లోకి పాత పళ్ళ బ్రష్షు పోతుంది. గుడ్డ నల్లబడిన వెంటనే మార్చు, లేకపోతే జిడ్డును ఒకచోటి నుండి మరొకచోటికి మోసినట్టే అవుతుంది. చివరి తుడుపుకు బోరు నీళ్ళు వద్దు, వాటిలోని సున్నం నల్లటి ప్లాస్టిక్ మీద తెల్లటి చారలు వేస్తుంది; ఫిల్టరు నీళ్ళు ఒక చెంబెడు చాలు.

కిరోసిన్‌తోనో డీజిల్‌తోనో కడిగితే నిగనిగలాడుతుందని ఎవరైనా చెబుతారు, ఒకప్పుడు మేమూ అలాగే చేసేవాళ్ళం. ఆ పాత బస్సు ఇంజన్లలో ఇనుమే ఎక్కువ, ఈనాటి కారులో రబ్బరూ ప్లాస్టిక్కూ ఎక్కువ. కిరోసిన్ తగిలిన గొట్టాలూ బెల్టులూ ఉబ్బి మెత్తబడతాయి. అంతేకాక 35 నుండి 40 డిగ్రీల మధ్య కిరోసిన్ ఆవిరికి నిప్పురవ్వ అంటుకునే స్థితి వస్తుంది, మన ప్రాంతంలో ఎండాకాలపు గాలే ఆ వేడి దాటుతుంది. మెరుపు కోసం ప్లాస్టిక్ మీద నూనె పూయడం కూడా వద్దు, వారం తిరగకముందే దాని మీద దుమ్ము పేరుకుంటుంది.

బ్యాటరీ టెర్మినళ్ళ మీద తెల్లగా, నీలంగా పొడి పట్టి ఉంటే, గ్లాసు నీళ్ళలో ఒక చెంచా వంటసోడా కలిపి పళ్ళ బ్రష్షుతో రుద్దు. బుసబుసమని నురగ వస్తుంది. ఆ నీరు మూతల సందుల్లోకి దిగకుండా చూసుకొని, తుడిచి ఆరబెట్టి, బిగించిన తరువాత పైన పలుచగా వాజిలీన్ రాయి. బ్యాటరీ నుండి హైడ్రోజన్ వాయువు వస్తుంది, లోపల ఉన్నది గంధకామ్లం, కాబట్టి కళ్ళకు అద్దాలు పెట్టుకో, దగ్గరలో బీడీ సిగరెట్టు కాల్చేవాళ్ళను నిలబడనివ్వకు.

రేడియేటర్ రేకులు మెత్తటివి, మెత్తని బ్రష్షుతో నిలువుగా దులిపి వదిలేయి. బండికి సీఎన్‌జీ కిట్ ఉందేమో చూడు. టైరులో గాలి 2 బార్ల ఒత్తిడి చుట్టుపక్కల ఉంటే ఆ గొట్టాలలో 200 వరకూ ఉంటుంది, వాటి బిగింపులను కదిలించకు. పెట్రోలుతో పాటు కరెంటు మోటారుతోనూ నడిచే, నారింజ రంగు కేబుళ్ళున్న హైబ్రిడ్ బండి ఎప్పుడైనా కొంటే, ఇంట్లో ఈ పని చేయనే వద్దు.

జిడ్డు నీళ్ళు నేల మీద కారకుండా కారు కింద పాత అట్టపెట్టెలు పరిచి పైన ఇసుక చల్లు. నూనె పీల్చిన ఆ ఇసుకా గుడ్డలూ కాలువలో వేస్తే ఏదో ఒక చెరువుకే చేరతాయి. గుడ్డలు మూటగట్టి ఎండలో కుప్పగా పెట్టకుండా, వాడిన ఇంజన్ ఆయిల్ తీసుకునే గ్యారేజీ వాళ్ళకు ఇచ్చెయ్యి.

పని అయ్యాక కవర్లన్నీ తీసి లెక్కపెట్టు. ఎయిర్ ఫిల్టర్ మూతి మీద పాల కవరు మరచి స్టార్ట్ చేసినవాళ్ళను చూశాను. బానెట్ తెరిచి గంటన్నర ఎండలో ఉంచి, సందులు ఆరాయని చూసుకొని, బ్యాటరీ బిగించి స్టార్ట్ చెయ్యి. మొదట కొద్ది నిమిషాలు ఇంజను నిలకడగా లేకపోయినా కంగారుపడకు, బ్యాటరీ విప్పినందువల్ల కంప్యూటర్ మళ్ళీ సర్దుకుంటూ ఉంటుంది. బెల్టు కీచుమన్నా, ఏదైనా లైటు ఆరకపోయినా మాత్రం ఆపి నాకు ఫోను చెయ్యి.

పూజ నాడు పసుపూ కుంకుమా బానెట్ పైన ఎంతైనా పెట్టుకో. లోపల ఇంజనుకు బొట్టు పెట్టాలని మీ అమ్మ పట్టుబడితే, ట్యాపెట్ కవరు మీద చిన్న చుక్క పెట్టి ఊరుకోమను. కర్పూర హారతి మూసిన బానెట్ ముందే పట్టండి, అగరొత్తులు గ్రిల్లులో గుచ్చకండి.

శుభ్రం చేసిన రాత్రి ఇంజను కింద ఒక తెల్లటి అట్ట పరిచి ఉంచు. ఉదయం దాని మీద చుక్కలేమైనా కనిపిస్తే, ఏ రంగులో ఉన్నాయో, ఇంజను ఏ మూల కింద పడ్డాయో కనబడేలా ఫోటో తీసి, ట్యాపెట్ కవరు అంచు ఫోటోతో పాటు నాకు పంపించు. గ్యాస్కెట్ మార్చవలసి వస్తే, నీవు తిరుపతికి వచ్చిన ఆదివారం మన వాకిట్లోనే మార్చుకుందాం.

ఆశీస్సులతో,
నీ మామయ్య