డీఎన్ఏలో అడినిన్ 22 శాతం అయితే సైటోసిన్ ఎంత?

పర్లాకిమిడిలో ప్లస్ టూ చదివే మీ తమ్ముడి లెక్కకి జవాబు 28. డీఎన్ఏలో అడినిన్, థైమిన్, గ్వానిన్, సైటోసిన్ అని నాలుగు క్షారాలు (బేస్‌లు) ఉంటాయి. రెండు పోగుల డీఎన్ఏలో అడినిన్‌కి ఎదురుగా థైమిన్, గ్వానిన్‌కి ఎదురుగా సైటోసిన్ ఉంటాయి. కాబట్టి థైమిన్ కూడా 22. రెండూ కలిపి 44 పోగా మిగిలిన 56లో సగం సైటోసిన్. ఈ సమానత్వాన్ని ముందు గమనించింది చార్గాఫ్ అనే శాస్త్రవేత్త. డీఎన్ఏ జంట మెలికల నమూనా ఆ తర్వాత 1953లో వచ్చింది.

లెక్క అంతే. నాకు అసలు ఆసక్తి ఆ 56 మీద. గ్వానిన్ (జీ), సైటోసిన్ (సీ) కలిపిన వాటా కాబట్టి దాన్ని జీసీ శాతం అంటారు, జీవిని బట్టి అది చాలా మారుతుంది. మనిషిలో సుమారు 41. మన రాయగడ, కోరాపుట్ కొండల్లో అందరికీ తెలిసిన మలేరియా తెచ్చే ఫాల్సిపారం అనే పరాన్నజీవిలో 20 లోపే! వాన పడితే మట్టివాసన వెదజల్లే స్ట్రెప్టోమైసిస్ బాక్టీరియాలో 70 పైన. జీసీ ఎక్కువుంటే పోగులు విడిపోవడానికి వేడి ఎక్కువ కావాలి. గ్వానిన్–సైటోసిన్ మధ్య హైడ్రోజన్ బంధాలు మూడు, అడినిన్–థైమిన్ జంటకి రెండే. డీఎన్ఏని వేడిచేసి పోగులు విడదీసి నకళ్లు తీసే పీసీఆర్ పద్ధతి వాడేవాళ్లని అడగండి, ఈ బాధ చెబుతారు.

ఒంటిపోగు డీఎన్ఏ ఉన్న ఫైఎక్స్174 లాంటి వైరస్‌లకి మాత్రం ఈ లెక్క వర్తించదు. పరీక్షలో అక్కడే పట్టేస్తారు, ప్రశ్న రెండుసార్లు చదవమనండి.