పాత బెంజ్‌లో ఇంటిల్లిపాదీ పడతారా?

ఈసారి ప్రశ్నలన్నీ పాత లగ్జరీ సెడాన్ల మీదే.

ప్రశ్న: ఇంట్లో ఐదుగురం. మేమిద్దరం, ఎనిమిదేళ్ల బాబు, మా అమ్మానాన్న. 2013 మోడల్ బెంజ్ ఈ 250 సీడీఐ 9 లక్షలకు ఇస్తామంటున్నారు. 92 వేల కిలోమీటర్లు తిరిగింది. ఆ డబ్బుకు కొత్త చిన్న కారు వస్తుంది. ఏది మేలు? ఇంటికి ఇదొక్కటే కారు అవుతుంది.
- ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: మీ ఉత్తరంలో చివరి వాక్యమే అసలు విషయమండీ. ఇంటికి ఒక్కటే కారు అయ్యేటట్టయితే వద్దు. స్కూటరో, పాత మారుతీయో ఇంకొకటి ఉండి, దీన్ని ఊళ్లకీ పెళ్లిళ్లకీ తీయాలనుకుంటే మాత్రం ఆలోచించదగ్గ బండి. ఇది మన్నికైన కారే. కాకపోతే పాడైన రోజున పక్క వీధి మెకానిక్ చెయ్యి పెట్టలేడు. విడిభాగం హైదరాబాద్ నుంచో ముంబయి నుంచో రావాలి, వచ్చాక కంప్యూటర్‌తో దాన్ని కారుకు పరిచయం చేయాలి. అప్పటిదాకా బాబు బడికి ఎలా వెళ్తాడు?

ముందు మనుషులు సరిపోతారో లేదో చూద్దాం. కారు పొడవు 4.87 మీటర్లు, ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య దూరం 2874 మిల్లీమీటర్లు. వెనక ఇద్దరికి సోఫాలా ఉంటుంది. మూడో మనిషి దగ్గరే చిక్కు. ఇంజిన్ ముందు, తోలే చక్రాలు వెనక కాబట్టి ఇంజిన్ శక్తిని వెనక్కి చేర్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ కోసం నేల మధ్యలో పెద్ద గట్టు ఉంటుంది. మధ్యలో కూర్చున్నవాళ్లు కాళ్లు చెరోవైపు పెట్టుకోవాలి. మీ ఇంట్లో అది బాబు స్థానం. చైల్డ్ సీటు బిగించే ఐసోఫిక్స్ కొక్కేలు మాత్రం రెండు పక్క సీట్లకే ఉంటాయి. బాబు ఇంకా బూస్టర్ సీటు వయసులోనే ఉన్నాడు కాబట్టి ఆ సీటును మధ్యలో బెల్టుతో బిగించడానికి చోటు సరిపోతుందేమో పెట్టి చూడండి.

అమ్మానాన్నల మోకాళ్ల సంగతీ ఉంది. సీటు కిందికి ఉంటుంది. టెస్ట్ డ్రైవ్‌కి వాళ్లను తీసుకెళ్లి మూడుసార్లు ఎక్కించి దించండి. మూడోసారి తలుపు పట్టుకుని లేస్తుంటే ఆ కారు మీ ఇంటికి పనికిరాదు. డిక్కీ కాగితం మీద 540 లీటర్లు. స్టెప్నీ డిక్కీ నేల మీదే పరిచి ఉందేమో తెరిచి చూడండి. అలా ఉంటే ఒక పెద్ద సూట్‌కేసు చోటు పోయినట్టే. ఐదుగురు, సామాను, నిండు ట్యాంకు కలిస్తే వెనక భాగం దిగుతుంది. చక్రాల మధ్య దూరం ఎక్కువ కాబట్టి మన ఊళ్ల స్పీడ్ బ్రేకర్లకు పొట్ట రాసుకుంటుంది. ఏటవాలుగా ఎక్కించడం అలవాటు చేసుకోవాలి.

ఇక ఇంజిన్. దీనిలోది ఓఎం651 అనే 2143 సీసీ నాలుగు సిలిండర్ల డీజిల్. 204 హార్స్ పవర్, 500 న్యూటన్ మీటర్ల టార్క్. 2009, 10 నాటి తొలి కార్లలో పియెజో రకం ఇంజెక్టర్లు (ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మేవి) విపరీతంగా పోయాయి. తర్వాత సొలినాయిడ్ రకానికి మార్చారు కాబట్టి 2013 మోడల్‌కి ఆ బెంగ తక్కువ. ఇంజెక్టర్ కింద ఉండే రాగి వాషర్ కారడం మాత్రం ఇప్పటికీ మామూలే. పై ప్లాస్టిక్ మూత తీయించి చూడండి. ఇంజెక్టర్ల చుట్టూ తారులా నల్లగా గట్టిపడి ఉంటే గ్యాస్ లీకవుతోందని అర్థం. ఆలస్యం చేసిన కొద్దీ ఇంజెక్టర్ హెడ్డుకు, అంటే ఇంజిన్ పైభాగానికి, అతుక్కుపోతుంది. వెయ్యి రూపాయల వాషర్ పని కాస్తా హెడ్డు దించే పనవుతుంది.

వాల్వులను వేళకు తెరిచి మూయించే టైమింగ్ చైన్ ఈ ఇంజిన్‌కి ముందు వైపు కాదు, గేర్ బాక్స్ వైపు ఉంటుంది. మార్చాలంటే గేర్ బాక్స్‌నో ఇంజిన్‌నో దించాల్సిందే. అందుకే కారు చూడటానికి పొద్దున్నే వెళ్లండి. మీరు వచ్చేసరికి స్టార్ట్ చేసి వేడెక్కించి ఉంచితే ఇంకోరోజు వస్తామని చెప్పి వచ్చేయండి. చల్లటి ఇంజిన్ మొదటి రెండు మూడు సెకన్లు గొలుసు ఈడ్చినట్టు గరగరమంటే చైనో, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనరో అరిగినట్టే. బేరం అక్కడితో ఆపేయాలి. ఈ చైన్ బతుకంతా ఆయిల్ మీద ఆధారపడి ఉంటుంది. సర్వీసు పుస్తకం 15 వేల కిలోమీటర్లకు మార్చమన్నా మన ట్రాఫిక్‌లో 10 వేలకు, లేదా ఏడాదికి, ఏది ముందైతే అప్పుడు మార్చడం మంచిది. ఆయిల్ 6.5 లీటర్లు పడుతుంది. డబ్బా మీద ఎంబీ 229.51 లేదా 229.52 అనే బెంజ్ ప్రమాణం ఉండాలి. ‘5డబ్ల్యూ 30 ఏదైనా ఒకటేలే’ అనే మెకానిక్‌కి కారు ఇవ్వకండి.

ఏడు గేర్ల ఆటోమేటిక్ బాక్స్ గట్టిదే, ఆయిల్ మారిస్తే. ఇందులో పాత రకానికి ఎర్ర ఆయిల్ (బెంజ్ ప్రమాణం 236.14), తర్వాత వచ్చిన ‘ప్లస్’ రకానికి నీలి ఆయిల్ (236.15). ఒకదానిలో ఇంకొకటి పోయకూడదు. బాక్స్ అడుగున ఆయిల్ నిలిచే పాన్ దించి ఫిల్టరూ గ్యాస్కెట్టూ మార్చి, ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ 45 డిగ్రీల వేడికి వచ్చినప్పుడు మట్టం చూడాలి. ఆ వేడిని స్కానర్‌లోనే చదవగలం. కాబట్టి స్కానర్ లేని చోట ఈ పని చేయించడం అంటే గుడ్డిగా పోయించుకోవడమే.

ఇంకో రెండు సంగతులు అమ్మేవాళ్లు చెప్పరు. ఒకటి, స్టీరింగ్ లాక్. ఇందులో చిన్న మోటారు తిప్పే ఎలక్ట్రానిక్ లాక్ ఉంటుంది. ఆ మోటారు అరిగిపోయిన రోజు తాళం పెట్టినా కారు మేల్కోదు, స్టీరింగ్ వదలదు. తోసుకెళ్లడానికి కూడా ఉండదు, ఎత్తుకెళ్లాలి. తాళం పెట్టగానే స్టీరింగ్ దగ్గర ‘జ్జిక్’మనే శబ్దం ఒక్కోసారి వచ్చి ఒక్కోసారి రాకపోతే అది ముందస్తు హెచ్చరిక. రెండు, కింది రబ్బర్లు. ముందు లోయర్ ఆర్మ్ బుష్‌లు, ఇంజిన్ మౌంట్లు, ప్రొపెల్లర్ షాఫ్ట్‌కి రెండు చివర్లా ఉండే రబ్బర్ డిస్కులు. సిగ్నల్ దగ్గర ‘డి’లో పెట్టి బ్రేకు తొక్కి ఉంచినప్పుడు సీటు వణికితే మౌంట్లలో ఆయిల్ కారిపోయిందని లెక్క. కారును లిఫ్ట్ మీదికి ఎత్తించి టార్చి లైటు వేసి చూస్తే ఇవన్నీ పావుగంటలో తేలిపోతాయి.

మీటరు మీది 92 వేలు నమ్మాలా? షాసీ నంబరు తీసుకుని కంపెనీ సర్వీస్ సెంటర్లో పాత రికార్డు అడగండి. జెంట్రీ అనే బెంజ్ స్కానర్‌తో అన్ని కంట్రోల్ యూనిట్లనూ చదివించండి. మీటరు తిప్పినా కొన్ని యూనిట్లలో పాత లెక్క మిగిలిపోతుంటుంది. లోపాల కోడ్‌లేవీ కనిపించకపోతే సంబరపడకండి, నిన్ననే తుడిచి ఉండొచ్చు. నలభై కిలోమీటర్లు నడిపి మళ్లీ చదివించండి.

నీళ్లలో మునిగిన కారు కాదని కూడా తేల్చుకోవాలి. 2015 చెన్నై వరదలూ 2020 అక్టోబర్ హైదరాబాద్ వరదలూ చాలా కార్లను ముంచాయి. సీటు బెల్టును చివరిదాకా లాగితే ఆఖరి మూరలో బురద గీత కనిపిస్తుంది. దాన్ని కడగాలని ఎవరికీ తోచదు. ముందు సీట్ల పట్టాల కింద తుప్పు, కార్పెట్ కింది స్పాంజిలో చెమ్మ కూడా చూడండి.

డబ్బు సంగతికొస్తే, 9 లక్షలు పెట్టి కొంటే ఇంకో 3 లక్షలు బ్యాంకులో విడిగా ఉంచుకోవాలన్నది మా లెక్క. మొదటి ఏడాదిలోనే ఆయిళ్లు, ఫిల్టర్లు, బుష్‌లు, మౌంట్లు, బ్రేకులు, నాలుగు 245/45 ఆర్17 టైర్లు అన్నీ వరసగా వస్తాయి. టైరు పక్కన నాలుగంకెల తేదీ చూడండి. 2318 అంటే 2018లో 23వ వారం. గాట్లు ఎంత లోతుగా ఉన్నా అది ముసలి టైరే. ఆ 3 లక్షలు అప్పు చేసి తేవాల్సి వస్తే కొత్త చిన్న కారే కొనుక్కోండి, హాయిగా నిద్రపడుతుంది.

ప్రశ్న: ఢిల్లీలో 2017 డీజిల్ ఆడి ఏ6 ఇక్కడికంటే నాలుగైదు లక్షలు తక్కువకు వస్తోంది. తెచ్చుకోవచ్చా?
- ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: తక్కువకు ఎందుకొస్తోందో తెలిసే అడిగారనుకుంటాం. ఢిల్లీ పరిసరాల్లో పదేళ్లు దాటిన డీజిల్ బండ్లను తిరగనివ్వకూడదని 2015లో హరిత ట్రిబ్యునల్ అంది, 2018లో సుప్రీంకోర్టు దాన్నే నిలబెట్టింది. ఆ తర్వాత కూడా కోర్టులో మలుపులు వస్తున్నాయి. పదో పుట్టినరోజు దగ్గరపడే కొద్దీ అక్కడ ధర జారిపోతుంది.

ఆ నాలుగైదు లక్షలు మీ చేతిలో మిగులుతాయనుకోవద్దు. ముందు అక్కడి ఆర్టీవో నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) రావాలి. దానికి ఫారం 28. లోను ఉండి తీరిపోతే ఫారం 35 కూడా. పేరు మార్పిడికి 29, 30. వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచుకుంటే అక్కడి నంబరు తీసుకోవాల్సిందే. అప్పుడు లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి. ఆ లెక్క మీరిచ్చిన ధర మీద మొదలవదు, కారు కొత్తగా ఉన్నప్పటి ధర మీద మొదలై వయసును బట్టి శాతం తగ్గుతుంది. అరవై లక్షల కారును పదిహేను లక్షలకు కొన్నా పన్ను కళ్లకు అరవై లక్షల కారే. కాబట్టి అడ్వాన్సు ఇచ్చే ముందే పాత ఇన్‌వాయిస్ నకలు తీసుకెళ్లి మీ ఆర్టీవోలో పన్ను ఎంతో అడగండి. ఎన్‌ఓసీ చేతికొచ్చాకే మిగతా డబ్బు. ‘వారంలో కొరియర్ చేస్తాం’ అన్న మాట మీద కారు తెచ్చుకున్నవాళ్లు నెలల తరబడి ఢిల్లీ నంబరుతో దిక్కులు చూస్తుంటారు.

ప్రశ్న: బీఎమ్‌డబ్ల్యూ 520డీ, 2014 మోడల్, 1.1 లక్షల కిలోమీటర్లు. గేర్ బాక్స్ ఆయిల్ జీవితాంతం మార్చనక్కర్లేదని షోరూములో అంటారు, బయటి మెకానిక్ మార్చమంటాడు. ఎవరి మాట వినాలి?
- ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: గేర్ బాక్స్ తయారుచేసిన జెడ్‌ఎఫ్ కంపెనీ మాట వినండి. అది 80 వేల నుంచి 1.2 లక్షల కిలోమీటర్ల మధ్య మార్చమంటుంది. ‘జీవితాంతం’ అన్నది ఎవరి జీవితమో ఎవరూ చెప్పరు.

మీ ఎనిమిది గేర్ల బాక్స్‌లో పాన్ ప్లాస్టిక్‌ది, ఫిల్టర్ దానిలోనే కలిసి ఉంటుంది. కాబట్టి ఫిల్టర్ మార్చడమంటే పాన్ మొత్తం మార్చడమే. పాత పాన్‌నే కడిగి బిగిస్తే ఫిల్టర్ మారనట్టే లెక్క. పాన్ బోల్టులు కూడా కొత్తవే వేయించండి. మట్టం చూసేది ఇంజిన్ నడుస్తుండగా, ఆయిల్ 30 నుంచి 50 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు, కారు అన్ని వైపులా సమంగా లేచి ఉన్నప్పుడు. ముందు రెండు చక్రాలే జాకీ మీద లేపి పోస్తే అర లీటరు అటో ఇటో అవుతుంది, గేర్లు కుదుపుతాయి. అప్పుడు ‘ఆయిల్ మార్చాకే బాక్స్ పాడైంది’ అంటారు.

మీ కారు ఇంజిన్‌కి కూడా టైమింగ్ చైన్ వెనక వైపే. మొదటి జవాబులో చెప్పిన పొద్దుటి గరగర పరీక్ష మీకూ వర్తిస్తుంది. ఎలాగూ సర్వీస్ సెంటర్‌కి వెళ్తారు కాబట్టి ఈజీఆర్ కూలర్ (ఇంజిన్‌లోకి తిరిగి పంపే పొగను చల్లబరిచే భాగం) రీకాల్ మీ షాసీ నంబరుకి ఉందో లేదో అడగండి. ఆ కూలర్‌లోంచి కూలెంట్ కారి మసితో కలిసి నిప్పంటుకున్న సందర్భాలు ఉన్నందుకే కంపెనీ డీజిల్ కార్లను వెనక్కి పిలిచింది. గాలి పోయినా కొంత దూరం నడిచే రన్ ఫ్లాట్ టైర్లయితే స్టెప్నీ ఉండకపోవచ్చు. కుటుంబంతో రాత్రి ప్రయాణం పెట్టుకునే ముందు డిక్కీ ఒకసారి చూసుకోండి.

ప్రశ్న: డాలస్‌లో ఉంటాం. మా అబ్బాయి కాలేజీకి 2005 లెక్సస్ ఎల్ఎస్ 430 చూశాం, 1,30,000 మైళ్లు. తర్వాత ఇంటి కారుగా కూడా వాడుకోవాలని ఉంది.
- ఒక పాఠకురాలు, టెక్సస్

జవాబు: పైవాటన్నిటి కంటే ఇది నిబ్బరమైన కారు. ఒక్కటే అడగండి: టైమింగ్ బెల్ట్ మార్చిన బిల్లు ఉందా? ఈ 4.3 లీటర్ల వీ8కి చైన్ లేదు, బెల్టే. 90,000 మైళ్లకు మార్చాలి. తెగితే వాల్వులు పిస్టన్లకు కొట్టుకుంటాయి, ఇంజిన్ పోయినట్టే. బిల్లు లేకపోతే మార్చలేదనే అనుకుని వాటర్ పంపు, టెన్షనర్, ఐడ్లర్ పుల్లీలతో కలిపి మార్పించే ఖర్చును ధరలోంచి తగ్గించమనండి. బెల్ట్ ఒక్కటే మార్చి పంపు వదిలేస్తే, ఆ పంపు కారినప్పుడు ఇదే కూలీ మళ్లీ ఇవ్వాలి. స్ప్రింగులకు బదులు గాలి తిత్తులుండే ఎయిర్ సస్పెన్షన్ ఉన్నదైతే రాత్రంతా నిలిపి పొద్దున చూడండి. ఒక మూల కుంగితే అక్కడ గాలి కారుతోంది. మామూలు స్ప్రింగులున్నది దొరికితే అదే తీసుకోండి.

2025 జనవరి నుంచి టెక్సస్‌లో మామూలు కార్లకు సేఫ్టీ తనిఖీ లేదు. డాలస్ కౌంటీలో పొగ పరీక్ష మాత్రం ఉంది. చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంటే పరీక్ష పాసవదు, రిజిస్ట్రేషన్ ఆగిపోతుంది. తనిఖీ లేదు కదా అని బ్రేకులు, టైర్లు చూడటం మానకండి. బండి అబ్బాయి చేతికి వెళ్తోంది.

ప్రశ్న: పన్నెండేళ్ల లగ్జరీ కారుకు ఫుల్ ఇన్సూరెన్స్ దండగేనా?
- ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: దొంగతనానికీ పెద్ద ప్రమాదానికీ పనికొస్తుంది, చిన్న గీతలకు కాదు. పదేళ్లు దాటిన కారుకు ఇనుప భాగాల మీద 50 శాతం తరుగు కోస్తారు. రబ్బరు, ప్లాస్టిక్, బ్యాటరీ, ఎయిర్ బ్యాగులకైతే వయసుతో పని లేకుండా ఎప్పుడూ 50 శాతమే. గాజుకు కోత లేదు. ఈ కార్లలో బంపరూ హెడ్‌లైటూ ప్లాస్టిక్ ముద్దలే కాబట్టి క్లెయిమ్ చేసినా సగం మీ జేబులోంచే పోతుంది, పైగా నో క్లెయిమ్ బోనస్ కూడా పోతుంది. అయిదేళ్లు దాటాక ఐడీవీ (బీమాలో కారుకు కట్టే విలువ) కంపెనీతో మాట్లాడి ఒప్పుకునేదే. వాళ్లు మొదట చెప్పిన అంకెకే తల ఊపకుండా, మీ కారు ఇవాళ బయట ఎంత పలుకుతుందో చూసి అడగండి.